కొబ్బరికాయ వంతు

మా అబ్బాయి నన్ను లిబరల్ అన్నాడు. పొగడలేదు, తిట్టాడు. అన్నం వడ్డిస్తున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంట్లో నన్ను మొండిదని, నోరున్నదని, పట్టిన పట్టు వదలదని రకరకాలుగా అన్నారు గానీ ఈ మాట మాత్రం కొత్త.

"ఏటన్నావ్?"

"లిబరల్ అన్నాను మమ్మీ. సబ్ లోగ్ ఒకటి అంటే నువ్వు ఉల్టా ఇంకోటి అంటావ్. చిన్న బాత్. దాన్ని ఇంత పెద్దది ఎందుకు చేస్తున్నావ్?"

వాడు చిన్న బాత్ అంటున్నది విశ్వకర్మ పూజనాడు మా షాపులో కొబ్బరికాయ ఎవరు కొట్టాలన్న సంగతి. షాపంటే దుకాణం కాదు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఒక్కొక్క విభాగాన్నీ షాపనే అంటారు. మాది మిల్లు పక్కనున్న మరమ్మతుల షాపు, నేను అక్కడ టూల్ రూంలో పనిచేస్తాను. పనివాడు తన ఇత్తడి టోకెన్ కిటికీలో పెడతాడు, నేను దాన్ని మేకుకు తగిలించి అడిగిన పానా ఇస్తాను. ముందు ఎవరి టోకెన్ వస్తే పానా వాళ్ళది. ఆఫీసరు మనిషి వచ్చినా సరే, వెనకాల నిలబడమంటాను. వచ్చే ఏడాది రిటైరైపోతే ఆ కిటికీకి నా పీడ విరగడవుతుందని చాలామంది ఎదురుచూస్తున్నారు.

మా షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, కాగితం మీద ఎక్కడా రాసి లేదు. పూజనాడు ఆ ఏడాది రిటైర్ కాబోతున్న మనిషి కొబ్బరికాయ కొడతాడు. అందరికంటే కొత్తగా చేరిన మనిషి క్రేనుకు పసుపు రాసి బొట్టు పెడతాడు. పంతులు ఉండడు, మంత్రాలు ఉండవు. వెళ్ళిపోయేవాడు కాయ కొట్టాలి, వచ్చినవాడు బొట్టు పెట్టాలి, ఆ తర్వాత టిఫిన్ పొట్లాలు పంచాలి. దేవుడే లేడని జీవితమంతా వాదించిన యూనియన్ మనిషి ఒకాయన, తన వంతు వచ్చినప్పుడు పావుగంట ఉపన్యాసం దంచి మరీ కాయ కొట్టాడు. మలయాళీ వెల్డరు ఒకాయన శిలువ గుర్తు వేసుకుని కొట్టాడు. ఒకాయన తాగి వచ్చి కాయ బదులు తన బొటనవేలు కొట్టుకున్నాడు. ఆయన చేత కట్టుకట్టిన చేత్తోనే మళ్ళీ కొట్టించారు తప్ప ఇంకొకరికి ఇవ్వలేదు. వంతు ఆయనది.

ఈ ఏడాది రిటైరయ్యేది మా క్రేన్ ఆపరేటరు. నేను అన్నయ్య అని పిలుస్తాను. విజయనగరం పక్కనుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వాళ్ళది. వాళ్ళ నాన్నా, మా మామగారూ ఒకే రోజుల్లో పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరినవాళ్ళు. తెలుగు మాటకొస్తే, ఇక్కడే పుట్టిన మా అబ్బాయి కంటే ఆయన వంద రెట్లు నయం. మా అబ్బాయి కోపం వస్తే హిందీలోకి పోతాడు, ఆయన కోపం వస్తే మా అత్తగారి ఊరి భాషలోకి పోతాడు.

మా అబ్బాయి అదే షాపులో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఇప్పుడు షాపులో పర్మనెంటు వాళ్ళం గుప్పెడుమందిమి, మిగతా అందరూ కాంట్రాక్టు పిల్లలే. వాళ్ళంతా కలిసి ఈసారి పూజ ఘనంగా చెయ్యాలనుకున్నారు. కమిటీ వేసి మా వాణ్ణి దానికి పెద్దను చేశారు. ఎప్పుడూ ఉండే పటం బదులు విగ్రహం తెస్తామన్నారు, పంతుల్ని పిలుస్తామన్నారు. నేనూ సంతోషించాను. ఆ తర్వాత వాడు అన్నం తింటూ, తల ఎత్తకుండా చెప్పాడు, ఈసారి కాయ చాచా చేత, అంటే అన్నయ్య చేత, కొట్టించడం లేదని. నేను కుదరదన్నాను. అప్పుడు వచ్చిందే ఆ లిబరల్.

ఆ మాటను నేను నాలుగు రోజులు నమిలాను. పానాలు తుడుస్తూ, టోకెన్లు తగిలిస్తూ, నేను ఎందుకిలా ఉన్నానని ఆలోచించాను. చదువు వల్లా అంటే నేను చదివింది చరోదా రైల్వే కాలనీ బడిలో పదో తరగతి వరకు. మా షాపులో అందరికంటే ఎక్కువ చదివిన ఇంజనీరు పొద్దున్నే ఫోన్లో పంపే సందేశాలు చూస్తే, చదువు మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది. మంచి మనసు వల్లా అంటే, నాది మంచి మనసని మా వీధిలో ఎవరూ ఒప్పుకోరు. కుళాయి దగ్గర పక్కింటి ఒడియా ఆవిడతో నేను పడిన తగాదాలకు సెక్టారంతా సాక్ష్యం.

అన్ని రకాల జనం కలిసి బతికిన ఊరు కాబట్టి అలా తయారయ్యామని కొందరంటారు. అదీ నాకు నమ్మకం లేదు. నిజమే, టౌన్‌షిప్‌లో క్వార్టరు ఇచ్చేటప్పుడు నీ కులమేమిటి, దేవుడెవరని అడగరు. గ్రేడు చూస్తారు, సీనియారిటీ చూస్తారు. పక్కింట్లో ఎవరుంటారో మనం ఎంచుకునేది కాదు. కానీ జీవితమంతా అలా బతికిన ఆ జనమే రిటైరయ్యాక సొంత డబ్బుతో స్థలం కొనుక్కునే రోజు వచ్చేసరికి ఏం చేశారు? తెలుగువాళ్ళు తెలుగువాళ్ళ కాలనీలో కొన్నారు, మలయాళీలు మలయాళీల దగ్గర, బీహారువాళ్ళు బీహారువాళ్ళ దగ్గర కొన్నారు. గంజిలో కలిసిన మెతుకుల్లా ఉన్నామనుకున్నాం గానీ వడకట్టగానే ఎవరి గిన్నెలోకి వాళ్ళం పోయాం. కలిసి బతకడం వల్ల మనుషులు మారితే ఈపాటికి దేశంలోకెల్లా మా భిలాయి మారి ఉండాలి.

నా మటుకు నాకు ఒకే ఒక్క కారణం దొరికింది. అది చెప్పాలంటే మా ఆయన పోయిన రోజుల దగ్గరకు వెళ్ళాలి.

ప్లాంటులోనే పనిచేసే మా ఆయన కామెర్లతో పోయేనాటికి అబ్బాయికి ఇంకా మాటలు రాలేదు. ఏడాది తిరిగాక దుర్గ్‌లో మా పిన్నత్తగారు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. నేనంటే ప్రాణం ఆవిడకు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ క్యారేజీ మోసుకొచ్చింది ఆవిడే. ఆ రోజు ముత్తైదువులంతా ముందు గదిలో చేరుతుంటే ఆవిడ నా దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. కుర్చీ వేసింది, ఫ్యాను పెట్టింది.

"నువ్విక్కడ కూకో తల్లీ. అక్కడ ఉక్కపోత్తాది, పిల్లడికి పడదు" అంది.

ఎంత ప్రేమగా అందంటే, నన్ను అవతలికి తోసేసిందని నాకు వెంటనే అర్థం కాలేదు. అవతలి గదిలో హారతి పాట మొదలయ్యాక అర్థమైంది. వెళ్ళేటప్పుడు కొత్త చీర పెట్టి, నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడుపు నిజం. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, రావడానికి సందు లేదు. అంత దయగా చూసిన మనిషితో నన్నెందుకు ముందుగదిలోకి రానివ్వలేదని ఎలా అడుగుతాం?

ఆ తర్వాత నాకు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంలో ఉండగా భర్త చనిపోతే భార్యకు ఇచ్చేదాన్ని కారుణ్య నియామకం అంటారు. పేరుకే కారుణ్యం. ఆఫీసులో బల్లల వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరికీ నేనెవరో తెలియదు, నా మీద ఎవరికీ జాలి లేదు, ఒకాయనైతే తల ఎత్తి కూడా చూడలేదు. నా ముందున్నవాళ్ళకు వచ్చాక నాకు వచ్చింది. నన్ను ప్రేమించినవాళ్ళెవరూ ఇవ్వలేనిది, నేనెవరో తెలియని రూలు ఇచ్చింది. అప్పుడు ఇంత ఆలోచించలేదు. అప్పుడు ఆలోచించింది పిల్లవాడి పాల గురించే.

చేరిన ఏడాదే సెప్టెంబరులో పూజ వచ్చింది. అందరికంటే కొత్తగా చేరినదాన్ని నేనే. ఆనవాయితీ నాకు తెలియదు, గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పటి ఫోర్‌మన్ ముసలి బెంగాలీ, పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని నా వైపు వచ్చి, నా నుదురు చూసి ఆగిపోయాడు. పాపం, మంచివాడే. నన్ను ఇబ్బంది పెట్టకూడదని పళ్ళెం ఇంకొకరి వైపు తిప్పబోయాడు.

క్రేను మెట్ల మీదనుంచి దిగుతున్న సన్నటి కుర్రాడొకడు అది చూశాడు. నాకంటే ఏడాది ముందు చేరినవాడు.

"సార్, వంతు ఆవిడది కదా" అన్నాడు హిందీలో.

ఫోర్‌మన్ గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. ఆ కుర్రాడు మాత్రం గొంతు తగ్గించలేదు.

"పోయినేడాది బొట్టు పెట్టింది నేను సార్. నేనెవరో మీకు తెలుసు. ఏడాదంతా ఆ క్రేను నేనే నడిపాను. ఏమీ కాలేదు."

ఆ మాట అని, పళ్ళెం తీసుకొచ్చి నా ముందు పెట్టి తెలుగులో అన్నాడు. "బొట్టెట్టీమ్మా. టిఫినీలు సల్లారిపోతన్నాయి."

నేను వేళ్ళు కుంకుమలో ముంచాను. ఏడాదికి పైగా ఆ ఎరుపు ముట్టుకోని వేళ్ళు. క్రేను మీటల పెట్టె మీద బొట్టు పెట్టాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నన్ను చూసి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. కాయ పగిలింది, పొట్లాలు పంచారు, అందరూ పనిలోకి పోయారు. నేను ఆ కుర్రాడికి థాంక్స్ చెప్పలేదు. అతను కూడా నాకేదో మేలు చేసినట్టు నిలబడలేదు, పొట్లం విప్పుకుని కచోరీ తింటున్నాడు. ఆ రోజు టూల్ రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. బాధతో ఏడవలేదు.

ఆ కుర్రాడే ఇప్పుడు రిటైరవుతున్న అన్నయ్య.

కాబట్టి మా అబ్బాయి అడిగినదానికి నా జవాబు ఇది. దయ వేరు, వంతు వేరు. దయ చూపేవాళ్ళు తమకు తోచింది ఇస్తారు, తోచనిది ఇవ్వరు, ఇవ్వనిది అడిగితే చిన్నబుచ్చుకుంటారు. వంతుకు మనం నచ్చక్కర్లేదు. ప్రేమ ఉన్నచోట అవతలికి వెళ్ళాల్సొచ్చి, వంతు ఉన్నచోట లోపలికి రాగలిగిన మనిషి ఇక జన్మలో వంతు మాట వదలదు. దానికి లిబరల్ అని పేరు పెడితే పెట్టుకోండి. అది నా గొప్పతనం కాదు. నాకు జరిగింది కాబట్టి నాకు తెలిసింది. మా ఆయన బతికుంటే నేనూ ముందుగదిలో ఆ హారతి పాట పాడుతూ, వెనక గదిలో ఎవరు కూర్చున్నారో పట్టించుకోకుండా ఉండేదాన్నేమో.

ఇదంతా మా అబ్బాయికి చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళేదీ, నా కాళ్ళకు నూనె రాసేదీ వాడే.

"అచ్ఛా మమ్మీ, అది అప్పటి జమానా" అన్నాడు చివరికి. "ఇప్పుడు వంతు ఎక్కడుంది? నా కాంట్రాక్టు చూడు. నా తరవాత చేరినోడు నా మీదికి వచ్చీసాడు. ఎవడికైనా అడిగానా? కాంట్రాక్టరు సేఠ్ మంచోడు కాబట్టి నన్ను ఉంచాడు."

నా నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకున్న సంతోషం నాకు రెండు రోజులు కూడా మిగల్లేదు. పర్మనెంటు ఉద్యోగం, సీనియారిటీ, క్వార్టరు, వీటి మధ్య బతికాను కాబట్టి వంతు అనేది నాకు గాలిలా అనిపించింది. ఈ పిల్లలకు గేటు పాసు రేపు ఉంటుందో ఉండదో తెలియదు. తెలిసినవాడు ఉంటే పని, లేకపోతే ఇల్లు. వాళ్ళు పుట్టినప్పటినుంచి చూసింది ఎవరో ఒకరి దయే. వంతు తప్పింది అంటే వాళ్ళకు ఏం కోపం వస్తుంది? వాళ్ళకు అది ఎప్పుడు దక్కింది గనుక? వాడికి నా నమ్మకాన్ని అప్పజెప్పాలంటే, అది పుట్టిన చోటును కూడా అప్పజెప్పాలి. అది నా చేతిలో లేదు.

అయినా ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కాదు. టూల్ రూం కిటికీ దగ్గరకు వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగాను. అన్నయ్య కాయ కొడితే నీకు అభ్యంతరమా?

అభ్యంతరం ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు. ఒక పిల్లవాడు, చాచా దేవుడు దీదీ అన్నాడు. తన చెల్లెలి పెళ్ళికి చాచా వారం రోజులు డ్యూటీ మార్చుకుని ఎలా సాయం చేశాడో ఇంకొకడు చెప్పాడు. నాకేం లేదు గానీ మిగతావాళ్ళు ఒప్పుకోరు, అన్నాడు మూడోవాడు. ఆ మిగతావాళ్ళ దగ్గరకు వెళ్తే వాళ్ళకూ ఏమీ లేదు, ఇంకెవరో ఒప్పుకోరు. పంతులు ఒప్పుకోడన్నారు. పంతులికి ఫోన్ చేయించాను. దక్షిణ ముడితే కాయ ఎవరు కొడితే నాకేంటి, కమిటీ ఎలా చెప్తే అలా, అన్నాడు. తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది వ్యవహారం. మా అబ్బాయిని నిలదీశాను.

"నాకేం లేదు మమ్మీ. చాచా నాకు పెదనాన్న లెక్క. కానీ ఈ కాలం వేరు. ఎవడో ఒకడు వీడియో తీసి గ్రూపులో పెడతాడు. అది ఎక్కడికి పోతుందో ఎవరికీ తెల్దు. చాచాకే ముసీబత్. మేము ఆయన మంచికే చెప్తున్నాం."

"వీడియో తీసీవోడు మీలో ఎవుడు?"

"ఎవడూ కాదు. కానీ ఎవడో ఒకడు తీస్తాడు."

ఎదురుగా ఒక్క మనిషైనా ఉంటే పోట్లాడేదాన్ని. ఎవరూ వద్దనలేదు, కానీ కుదరదు. ద్వేషం ఉంటుందని సిద్ధపడి వెళ్ళాను. అది కనిపించలేదు. అందరికీ ఆయనంటే ఇష్టమే. నన్ను నిలువునా కూల్చింది అదే. ఇష్టం వల్ల ఏమీ ఆగదని పిన్నత్తగారి ఇంట్లో ఒకసారి తెలుసుకున్నదాన్ని, మళ్ళీ అంతమంది ఇష్టాన్ని పట్టుకుని ఏం చేసుకోను?

కమిటీవాళ్ళు చివరికి ఒక దారి కనిపెట్టారు. అన్నయ్య తర్వాత రిటైరయ్యేదాన్ని నేను. కాబట్టి నా చేత కొట్టిస్తారట. మా అబ్బాయి ఆ మాట చెప్తున్నప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది. వాడి ఉద్దేశంలో అది నాకు పెద్ద కానుక.

"విడో వాళ్ళు పూజకి దూరంగా ఉండాలి అంటారు కదా, మేము ఆ పాత సోచ్ మానెయ్యలేదా మమ్మీ? పంతులు కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడైనా మమ్మల్ని మంచోళ్ళు అంటావా?"

నేను ఛస్తే కొట్టనన్నాను. వాడి ముఖం వాడిపోయింది. ఆ పూట ఇద్దరం తినలేదు.

మరునాడు డ్యూటీ మధ్యలో అన్నయ్య కిటికీ దగ్గరకు వచ్చాడు. టోకెన్ పెట్టలేదు. రెండు గ్లాసుల టీ తెచ్చాడు.

"సెల్లీ, ఆ ఊసు ఒగ్గీ" అన్నాడు.

"ఒగ్గను."

"ఒగ్గకపోతే ఏటి సేస్తావ్? ఆ కుర్ర గుంటలందరితోటీ తగువెట్టుకుంటావా? నీ కొడుకు తోటీనా?"

"పెట్టుకుంటాను. వంతు నీది అన్నయ్యా."

ఆయన టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. మీసం నెరిసింది, మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు అరిగాయి. బాధ ఎంత ఉందో ముఖంలో తెలియనివ్వడు.

"నాను ఒక సంగతి సెప్తాను, ఇను. నాను ఆ కాయ కొట్టినాననుకో. ఏటీ అవకపోవచ్చు. ఏదైనా అయితే? నా కొడుకు సైకిలు దుకానం రోడ్డు మీద ఉన్నాది. నలుగురొచ్చి నిలబడితే సాలు. ఒక కొబ్బరికాయ కోసం వాడ్ని అక్కడ నిలబెట్టమంటావా?"

"అయితే నేను మాత్రం ఎందుకు కొట్టాలి? ఎవుడైనా కొట్టుకోనీ."

"ఎవుడో కొడితే ఆనవాయితీ పోయినట్టే. నువ్వు కొడితే మన లైనులోదే కదా, నా తరవాత నువ్వే. నా మాటకి కొట్టీ. నాను పక్కనే ఉంటాను."

ఆయన అలా అడిగాక ఏం చెయ్యను? నేను కొట్టనని మొండికేస్తే నా పట్టుదల నాకు మిగులుతుంది, ఆయనకు ఏం మిగులుతుంది? సరేనన్నాను. ఆయన గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట అంతా ఎవరికి ఏ పానా ఇచ్చానో నాకు తెలియదు.

పూజనాడు షాపు గుర్తుపట్టలేనట్టు ఉంది. బంతిపూల దండలు, రంగు కాగితాలు, ఇంతెత్తు విగ్రహం. ఆ రోజు కుటుంబాలను లోపలికి రానిస్తారు కాబట్టి పిల్లలూ ఆడవాళ్ళూ నిండిపోయారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. భార్యను తీసుకురాలేదు. రిటైరయ్యే ఏడాది మనుషులు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వస్తారు, తాము కాయ కొట్టడం చూపించడానికి. ఆయన ఒక్కడే వచ్చి, పక్కనే ఉంటానన్నవాడు దూరంగా క్రేను కింద స్తంభం దగ్గర నిలబడ్డాడు.

కొత్తగా చేరిన ఛత్తీస్‌గఢీ కుర్రాడు క్రేనుకు బొట్టు పెట్టాడు. పంతులు మంత్రాలు చదివాడు. మా అబ్బాయి నా చేతికి కాయ ఇచ్చాడు. నేను స్తంభం వైపు చూశాను. ఆయన కానివ్వమన్నట్టు తల ఊపాడు. కొట్టాను. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది.

చప్పట్లు మోగాయి. ఫోన్లు పైకి లేచాయి. ఏ వీడియోకు భయపడి ఇంత చేశారో, ఆ వీడియో అందరూ తీశారు. కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు మైకు తీసుకున్నాడు. మా వాళ్ళు ఆయనకు ముందే చెప్పి ఉంచినట్టున్నారు. ఒకప్పుడు మన సమాజంలో భర్త లేని స్త్రీని శుభకార్యాలకు రానిచ్చేవారు కాదనీ, ఈ రోజు ఈ షాపు యువకులు ఒక సోదరి చేత కొబ్బరికాయ కొట్టించి ఎంతో విశాల హృదయం చూపారనీ, దేశమంతా ఇలా ఆలోచించాలనీ అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఒక పిల్లవాడు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. ఎప్పుడో నా వంతుగా దొరికి, ఎవరూ లెక్క చెయ్యకుండా జరిగిపోయిన పనిని ఈ రోజు వీళ్ళు దయగా ఇస్తున్నారు. దానికి నేను దండ వేయించుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు లేదు.

స్తంభం దగ్గర అన్నయ్య కూడా చప్పట్లు కొడుతున్నాడు. మనస్ఫూర్తిగానే కొడుతున్నాడు.

తర్వాత ప్రసాదం పంచారు. ఎవరికీ ఇవ్వకముందే మా అబ్బాయి ఒక ప్లేటు నిండా సర్ది, జనాన్ని తప్పించుకుంటూ నేరుగా స్తంభం దగ్గరకు వెళ్ళాడు. కమిటీ పిల్లలంతా వెనకాలే వెళ్ళి ఆయన చుట్టూ మూగారు. ఒకడు కుర్చీ తెచ్చాడు. ఒకడు భుజం మీద శాలువా కప్పాడు.

"చాచా, పహలే మీరు. మీరు తిన్నాకే మేమందరం" అన్నాడు మా అబ్బాయి. వాడికి నిజంగానే ఆయనంటే ప్రేమ.

అన్నయ్య లేచి, శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకోబోయి, మళ్ళీ వదిలేసి, రెండు చేతులతో ఆ ప్లేటు అందుకున్నాడు. వాళ్ళందరి ముఖాల్లోకీ చూసి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బహుత్ మెహర్‌బానీ బేటా" అన్నాడు, మీ దయ అని, హిందీలోనే. "మీరు నన్ను ఇంత గౌరవంగా చూశారు, అదే చాలు."

ఆ ముఖంలో కృతజ్ఞత ఉంది. నటన కాదు. అన్నేళ్ళుగా ఆయన్ను షాపులో రోజూ చూస్తున్నాను గానీ, ఎవరి ముందూ ఆ ముఖం అలా ఉండగా చూడలేదు. ఇంతకాలం ఆయనకు ఆ కృతజ్ఞత అవసరం రాలేదు.